అప్ప మంచం జరపని ఇల్లు

శ్రీకాకుళం జిల్లా, టెక్కలి తాలూకా, కోటబొమ్మాళి గ్రామంలో రైలు స్టేషనుకి పోయే రోడ్డు పక్కన కాపురముంటున్న కీర్తిశేషులు పేడాడ సింహాచలం గారి కుమారుడు, వ్యవసాయదారుడు, అరవై మూడు సంవత్సరముల వయస్సు గల పేడాడ అప్పలసూరి అను నేను, నా తెలివి నా దగ్గరే ఉండగా, ఎవరూ నా చెయ్యి పట్టి రాయించకుండా, దొడ్లో మంచం మీద కూర్చుని చెప్పి రాయించిన వీలునామా.

నాకు తెలివి ఉన్నాదనడానికి రుజువు కావాలంటే నా భార్య జగ్గమ్మని అడగండి. తెలివి ఎక్కువైపోయే ఈ మనిషి ఇలాగైపోయాడని నిన్న కూడా పక్కింటోళ్లకి చెప్పింది. వొళ్లు మాత్రం బాగులేదు. కాళ్లు వాచి ఉన్నాయి, నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తాది. శ్రీకాకుళంలో డాక్టరు గారు గొట్టం పెట్టి విని, గుండె పెద్దదైపోయిందన్నారు. జగ్గమ్మ నమ్మలేదు. ఈయన గుండె పెద్దదవడమేటి, ఇంకోసారి సూడండి బాబూ అని ఆయన్నే అడిగింది. డాక్టరు గారు నవ్వి, నిచ్చెన ఎక్కొద్దు, కోపం తెచ్చుకోవద్దు అని నాతో చెప్పినారు. నిచ్చెన ఎక్కడం మానేసినాను.

రాస్తన్నవాడు దస్తావేజు లేఖరి జగన్నాధం. ఇందులో చట్టం మాటలు అతనివి, మిగతావి నావి. నా యాస కొంత సాపు చేసి రాస్తన్నాడు, రాసుకోనీ. కొన్ని మాటలు వీలునామాలో ఉండకూడదంటన్నాడు. అవి లేకపోతే సంతకం కూడా ఉండదని చెప్పినాను.

ఆస్తి పంచకం కోసమైతే ఈ కాగితం అక్కర్లేదు. నాకున్నది ఒక్క కొడుకు రాముడు. అంతా ఎలాగూ వాడిదే అనుకుంటన్నారు అందరూ, వాడితో సహా. నేనిది రాయించడానికి కారణం ఇంటి కప్పు.

పోయిన పంట ఇంటికి చేరాక మా తాటాకు ఇల్లు విప్పేసినాం. అదే చోట ఇటుక గోడలు లేపినాం. మట్టి అడుసుతో కట్టిన గోడలు, పైన శ్లాబు పడితేగాని వాటికి ధైర్యం లేదు. సెంట్రింగు ఎర్రన్న దుంగలు నిలబెట్టి చెక్కలు పరిచేసినాడు. వాటి మీద ఇనప చువ్వలు కట్టేసి ఉన్నాయి. వచ్చే బుధవారం, ఈ మే నెల 22వ తేదీని శ్లాబు పొయ్యాలి. మృగశిర కార్తె వచ్చేస్తే వాన ఎవరి మాటా వినదు. కప్పు లేని గోడల మీద గట్టి వానలు పడితే మట్టి కారిపోయి ఇటుకలు జారిపోతాయి. పర్మిట్టు కోసం ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగి తెచ్చిన సిమెంటు తడిగాలికి బస్తాల్లోనే రాయైపోతాది. ఇంటిల్లిపాదీ ఇప్పుడు దొడ్లో కమ్మల పాకలో ఉన్నాం. వెనక్కి వెళ్లడానికి పాత ఇల్లు లేదు.

ఈ లోపల నేను పోతే ఏటవుతాదని మొన్న అన్నం తింటూ రాముణ్ణి అడిగినాను. వాడు ముద్ద దించేసి, "ఏడాది ఆపేస్తాం నాన్నా. యజమాని పోతే ఏడాది దాకా ఆ ఇంటి పని ముట్టుకోకూడదట, మావ సెప్పినాడు" అన్నాడు. నా చావు సంగతి అడిగితే ఏడుస్తాడనుకున్నాను, పద్ధతి చెప్పినాడు. తరవాత చెయ్యి కడుక్కోడానికెళ్లి దొడ్డి గోడకి ఆనుకుని ఏడ్చినాడట. కోడలు చిన్నతల్లి చెప్పింది. మంచివాడే.

వాడు చెప్పింది అబద్ధం కాదు. కట్టేవాడు మధ్యలో పోతే ఇల్లు మనిషిని మింగేసిందంటారు మా వైపు. ఏడాది అన్నది మాటకే. ఆమదాలవలస స్టేషను దిగి ఊళ్లోకి నడుస్తుంటే ఎడమ చేతి వైపు ఒక మొండి గోడల ఇల్లు ఉన్నాది. ఏడాది తరవాత పోద్దామని ఆపినదే. ఇప్పుడు గదుల్లో జిల్లేళ్లు మొలిచి, మేకలు కాపురం చేస్తన్నాయి.

ఇల్లు ఆగిపోతే అందరం తడుస్తాం. అందరికంటే ఎక్కువ తడిసేది మా అప్ప అసిరమ్మ. నా తోడబుట్టిన అక్క, నాకంటే తొమ్మిదేళ్లు పెద్దది. పెళ్లైన కొత్తలోనే మొగుడు పోతే పుట్టింటికి వచ్చేసింది. అమ్మ పోయాక నాకు తల దువ్వినదీ, అన్నం పెట్టినదీ, నా పెళ్లికి పిల్లని చూసినదీ ఆమే. ఆ తాటాకు ఇంట్లో వానొస్తే పొడిగా ఉన్న చోట మాకు పక్కలేసి, మిగిలిన చోట తన మంచం వేసుకునేది. అక్కడా కారితే ఇంకో మూలకి జరుపుకునేది. బతుకంతా మంచం జరుపుకుంటూనే ఉన్నాది. ఇల్లు కడతన్నాను, నీకేటి కావాలప్పా అని అడిగితే, "వానొస్తే మంచం జరపకుండా తొంగోవాలిరా. ఇంకేటీ వద్దు" అన్నాది.

మొన్న ఎండల్లో అనుకోకుండా ఒక జల్లు పడింది. అప్ప తన పాత కోకలన్నీ తీసుకెళ్లి సిమెంటు బస్తాల మీద కప్పింది. ఆమె మంచం తడిసి ముద్దైపోయింది. నేను కేకలేస్తే, "నాను ఆరతాను. సిమెంటు తడిస్తే ఆరబెట్టుకుంటావేట్రా" అన్నాది. ఆ మాట విన్నాకే జగన్నాధానికి కబురు పెట్టినాను.

ఇక షరతులు.

1. ఈ వీలునామాను అమలు జరిపించు నిర్వాహకునిగా మా ఉత్తరపు పొరుగువారు, వడ్ల వ్యాపారి నారాయణమూర్తి గారిని నియమించడమైనది.

ఈయనతో నాకు చాలా ఏళ్లు మాటలు లేవు. ఆయన డాబా మీద నీరు గొట్టం గుండా మా దొడ్లోకి దూకుతాది, తడిసిన ఎరువు రోడ్డెక్కుతాది. చెప్పవలసినవన్నీ గోడవతల నుంచి, మా గేదెకి చెప్తున్నట్టు చెప్పేవాణ్ణి. పోయిన వానాకాలం ఇల్లు కట్టాలన్న ఆలోచన వచ్చినప్పుడు, సిగ్గు విడిచి ఆయన గుమ్మం ఎక్కి, మీ శ్లాబు లోపలి నుంచి చూడాలన్నాను. ఆయన కుర్చీ వేసినాడు. లోపల పెద్దగదిలో తూర్పు గోడ నుంచి పడమర గోడ దాకా గీత గీసినట్టు కారతన్నాది. గీత పొడుగునా బొచ్చెలు పెట్టుకున్నారు.

కథ ఆయనే చెప్పినాడు. శ్లాబు సగం పడ్డాక ఇంటికొచ్చిన పెద్దాయనొకరు పంచాంగం చూసి వర్జ్యం వచ్చిందన్నారట. మంచి పని వర్జ్యంలో చెయ్యకూడదని పని ఆపించి, ముఠా అందరికీ మజ్జిగ పోయించినారట. వర్జ్యం పోయాక మిగతా సగం పోసినారు. అప్పటికి ముందు పోసింది గట్టిపడిపోయింది. పాతదీ కొత్తదీ కలవలేదు. "ఆ రోజు ఆపిన వర్జ్యం ఇప్పటిదాకా కారతానే ఉన్నాది అప్పలసూరీ" అని నవ్వినాడు. నేనూ నవ్వినాను. ఆ రోజునుంచి గేదెతో మాటలు తగ్గినాయి.

మధ్యలో ఆపితే ఏటవుతాదో ఈయనకి తెలిసినట్టు ఊళ్లో ఎవరికీ తెలీదు. అందుకే నిర్వాహకుడు ఈయన. ఆ గీత మీద పూత వేయించుకోడానికి సిమెంటు రాసిద్దామంటే, సాక్షి సంతకం పెట్టేవాడికి ఏమీ రాయకూడదని జగన్నాధం అన్నాడు. అందుకని బస్తా ఇందాకే గోడ దాటించేసినాను. వీలునామాలో లేదు.

2. నా స్వార్జితమైన చెరువు కింద పల్లం భూమి, మెట్ట మీద గోగు వేసే నేల చెక్క, ఎడ్లబండి, ఎడ్లు, నాగళ్లు, గాదెలో ఉన్న ధాన్యం, నా కుమారుడు రాముడు దాన వినిమయ విక్రయాది సర్వాధికారములతో అనుభవించవలసినది.

రాముడూ, పల్లం భూమి అమ్మకు. ఎడమ ఎద్దుకి ఎండ పడదు, దాన్ని మధ్యాన్నం కట్టకు. ఇంకొక మాట. ఎవరు పెద్దగా చెప్తే వాళ్ల మాట నిజమనుకోవడం నీకలవాటు. నేను కూడా నీతో పెద్దగానే మాట్లాడినాను, అందులో కొన్ని నిజం కాదు.

3. తోటలోని జీడిచెట్లు, పాడి గేదె, దూడ, ఇత్తడి సామాను నా భార్య జగ్గమ్మకు చెందవలసినది. ఆమె నగలు ఆమెవే, వాటిని గురించి రాయడానికి నాకు హక్కు లేదు.

జగ్గమ్మా, నీతో కాపురంలో నోరు నొప్పెట్టిందేగాని మనసు నొప్పెట్టలేదు. ఈ మాట ఎదుట చెప్తే ఏటి కావాలని అడుగుతావు. అందుకని రాయించినాను. కింద నాలుగో షరతు చదివేటప్పుడు పళ్లెం విసరకు.

4. నా పెద్ద గొడుగు, వెదురు పిడిది, నా బావమరిది గణపతిరావుకి చెందవలసినది.

గణపతిరావు కంట్రాక్టరు. తాను కట్టించిన ఇళ్లకి వానాకాలంలో చుట్టపుచూపుగా వెళ్లినప్పుడు లోపల కూర్చోడానికి గొడుగు ఉండాలి.

ఇది వెటకారమే. అయితే కోపం లేదు. ఇంటి పని బావమరిదికి ఇవ్వకుండా పైవాళ్లకి ఇస్తావా అని జగ్గమ్మ మూడు వారాలు కూర వేరే వండింది. చుట్టానికి పనిస్తే ఏటవుతాదో చెప్తాను. పైవాడు చెక్క సరిగా పెట్టకపోతే ఏయ్ అని అరవగలం. బావమరిదిని అరిస్తే పెళ్లాం ఏడుస్తాది, పెళ్లాం ఏడిస్తే ఆ చెక్క అలాగే ఉండిపోతాది. గణపతిరావు చెడ్డవాడు కాదు. నాకు జ్వరం వచ్చినప్పుడు తన బండి మీద శ్రీకాకుళం తీసుకెళ్లినాడు, దారంతా కబుర్లు చెప్పి నవ్వించినాడు. కాని పని దగ్గర నిలబడడు. పొద్దున్న కొబ్బరికాయ కొట్టి వెళ్లిపోతాడు, సాయంత్రం స్వీట్లు పట్టుకొస్తాడు. మధ్యలో పోసినవాడు పోసినట్టు పోస్తాడు. ఏడాది ఆపమని రాముడికి నూరిపోసింది ఆచారం మీద భక్తితోనో, ఏడాది తరవాత పని తనకొస్తాదనో నాకు తెలీదు. రెండూ అయ్యుంటాయి. గొడుగు మంచిదే, బాగా పట్టుకోమనండి.

5. శ్లాబు పని, ముందు మాట్లాడిన ప్రకారం, ఎచ్చెర్ల వైపు నుంచి వచ్చే ముఠా మేస్త్రి లక్ష్మణమ్మ చేతనే జరిపించవలసినది. నేను లేనని వేరొకరికి మార్చరాదు. మా మందలోని నల్ల చెవుల వేటపోతు శ్లాబు నాటి భోజనానికి ఆమె ముఠాకి చెందవలసినది.

ఈమెను ఎలా ఎంచుకున్నానో రాయిస్తాను. మనవలు ఎప్పుడైనా ఇల్లు కడితే పనికొస్తాది. కంట్రాక్టర్లు మనల్ని తీసుకెళ్లి చూపించేది ఇంటి ముందు భాగం. రంగు చూపిస్తారు, గుమ్మం చూపిస్తారు. అవి ఎండాకాలం చూడవలసినవి. శ్లాబుని చూడాలంటే వాన పడతండగా వెళ్లాలి. ఇంటాయన్ని అడిగితే పరువు కోసం బాగుందంటాడు. ఆడవాళ్లని అడగాలి, అమ్మా వానొస్తే బొచ్చె ఎక్కడ పెడతారని. పోయిన వానాకాలం గొడుగు పట్టుకుని అలాగే తిరిగినాను. చాలామంది నన్ను పిచ్చివాడనుకున్నారు. నిజం చెప్పడానికి మాత్రం ఎవరూ వెనకాడలేదు. పాపం, అంతకుముందు అడిగినవాడు లేడు.

శ్రీకాకుళం గంగరాజు అని ఒకాయన మోటారు సైకిలు మీద వచ్చినాడు. తెల్ల కాగితం మీద ఇల్లు బొమ్మ గీసినాడు, బొమ్మలో పూలకుండీలు కూడా పెట్టినాడు. పోసే ముఠా ఎవరిదయ్యా అని అడిగినాను. ఎవరో ఒకరు దొరుకుతారు లెండి అన్నాడు. ఎవరో ఒకరు పోసిన కప్పు కింద మా అప్ప పడుకోదని చెప్పి కాఫీ ఇచ్చి పంపించేసినాను.

ఎచ్చెర్ల దగ్గర ఒక ఇంట్లో పెద్దవాన పడతండగా వెళ్తే, ఇంటామె బొచ్చెలేటి, కారదు కదా అన్నాది. ఎవరు పోసినారని అడిగితే, "ఆ లక్ష్మణమ్మ. పోసిన రోజు మా ఆయన్నే తిట్టీసింది" అన్నాది. ఆ మాటతో నాకు నమ్మకం కుదిరింది.

లక్ష్మణమ్మ నోరు మంచిది కాదు, ముందే చెప్తన్నాను. వినయం అన్నది ఆమె ఎరగదు. పని చూడ్డానికి వచ్చిన రోజు సెంట్రింగు మీదకెక్కి కాలితో తన్నుకుంటూ తిరిగింది. ఒక చెక్క కదిలితే ఎర్రన్నని వాడి తాత ముత్తాతల దాకా తిట్టి మార్పించింది. నేను కూడా ఎక్కి ఏదో చెప్పబోయినాను. అప్పటికి డాక్టరు వద్దనలేదు. "ఇల్లు నీది బావూ. శ్లాబు పడీదాకా పైన అంతా నాది. కిందకి దిగు" అన్నాది. ఎర్రన్న ముందర, మా పాలికాపు ముందర అన్నాది. దిగినాను.

ఆమె షరతు ఒక్కటే. పొద్దున్న మొదలెట్టినాక ఆఖరి కాంక్రీటు గమేళా పడేదాకా ఆగడం లేదు. "వర్జ్యం నేదు, దుర్ముహూర్తం నేదు, సుట్టాలొచ్చినారని నేదు. ఆపమన్న మనిసి పైకొచ్చి నా ఎదర నిలబడి ఆపాల" అన్నాది. వాళ్ల ఆడవాళ్లు నిచ్చెన మీద వరసగా నిలబడి గమేళాలు చేతి నుంచి చేతికి అందిస్తారు. ఒకరు తినడానికి దిగితే ఇంకొకరు ఆ మెట్టు ఎక్కుతారు. వరస తెగదు. నారాయణమూర్తి గారు అది విని, అలాంటి మనిషి మాకు దొరకలేదే అన్నారు.

ముఠాకి చోడి అంబలి, అంటే రాగి అంబలి, ఎండెక్కకముందు అందాలి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ తగినన్ని ఉండాలి. భోజనం వేటపోతుతో. ఈ పోతు మీద జగ్గమ్మకి మమకారం ఉన్నాదని తెలుసు. శ్లాబు మీద కూడా పెట్టుకోమనండి. పోసిన తరవాత గట్లు కట్టి నీరు నిలపాలి, ఆరనివ్వకూడదు. ఎర్రన్న చెప్పేదాకా కింద దుంగ ఒక్కటి కూడా తియ్యకూడదు. చూడ్డానికి వచ్చినవాళ్లు ఊరికే ఉండక దుంగ పట్టుకుని ఊపుతారు, వాళ్లని పాకలోకి పిలిచి కూర్చోబెట్టండి.

6. నడిపల్లి సంతలో కొన్న ఉయ్యాల గొలుసులు నా కోడలు చిన్నతల్లికి, ఆమె నుంచి నా మనవరాలికి చెందవలసినది.

శ్లాబు పడ్డాక కొక్కెం పెట్టడం ఎవరి తరమూ కాదు. ఎర్రన్న చేత చువ్వకి ముందే కట్టించినాను. చెక్కలో చిన్న కంత ఉంటాది, చూసి ఇదేటో అని పూడ్చెయ్యకండి. ఆ కొక్కెం అప్ప గదిలో ఉన్నాది. మనవరాలు పుట్టి నెల దాటింది, ఇంకా తాటికమ్మ దూలానికి కట్టిన చీర ఉయ్యాల్లో ఊగతన్నాది. దాన్ని ఊపేది అప్పే, కాబట్టి కొక్కెం ఇంకెక్కడ ఉంటాది.

7. ఇల్లు.

జగన్నాధం హద్దులు రాయడానికి సిద్ధంగా ఉన్నాడు. తూర్పు రోడ్డు, పడమర మా కళ్లం, ఉత్తరం నారాయణమూర్తి గారి గోడ, దక్షిణం ఖాళీ చోటు. హద్దులు రాసుకోమన్నాను. ఇల్లు మాత్రం ఎవరికీ రాయడం లేదు. నాది కానిది నేనెలా రాస్తాను?

మాఘమాసంలో శంకుస్థాపన పెట్టుకున్నప్పుడు పంతులు గారు పంచాంగం చూసినారు. నా పేరు మీద ఆయం కుదరలేదు. జగ్గమ్మ పేరు మీదా కుదరలేదు. రాముడికి కుదిరింది గాని అప్పటికి చిన్నతల్లి కడుపుతో ఉన్నాది, అలాంటప్పుడు మొగుడు ఇల్లు మొదలెట్టకూడదట. ఇంట్లో మిగిలిన పేరు అప్పది. అది కుదిరింది. పంతులు గారు ఇబ్బంది పడి, పేరు ఆమెది చదువుతాను, చెయ్యి నువ్వు పెట్టెయ్ అన్నారు. నేను ఒప్పుకోలేదు. చుట్టాలు రాకముందే అప్పని పిలిచి, మొదటి ఇటుక ఆమె చేతే పెట్టించినాను. మీరంతా వచ్చాక నేను పెట్టినది రెండోది. పంతులు గారిని అడగండి, ఆయన అబద్ధం చెప్పరు.

ఆ రోజు అప్ప చెయ్యి వెనక్కి లాక్కుంది. "మొగుడు నేనిదాన్ని, నా సేత్తో మొదలెడితే ఇల్లు నిలుస్తాదేట్రా" అన్నాది. నీ చేతిలో నేను నిలబడ్డాను కదప్పా అన్నాను. అప్పుడు ఇటుక తీసుకుని పెట్టింది. కొంగుతో దాని మీద దుమ్ము కూడా తుడిచింది.

అందుకు తగ్గట్టు ఆ స్థలం, గోడలు, దాని మీద రాబోయే కప్పు, ఈ నెల మొదట్లోనే అప్పకి ఇచ్చేసినట్టు ఆమె పేర దఖలు దస్తావేజు రాసి రిజిస్టరు చేయించినాను. ఆమె తదనంతరం రాముడికి. జగ్గమ్మకి ఈ సంగతి ఇది చదివినప్పుడే తెలుస్తాది. కోపం వస్తాది, వచ్చినా తప్పు లేదు. కాని జగ్గమ్మా, నువ్వు కాపురానికొచ్చిన మొదటి వానకి పొడి చోట పక్క వేసింది ఎవరో గుర్తు తెచ్చుకో. ఆమె ఇంట్లోంచి నిన్నెవరూ పొమ్మనరు.

ఇప్పుడు గణపతిరావు అడుగుతాడు, పేరు ఎవరిదైతే ఏటి, చావు ఆ ఇంటిదే కదా, ఏడాది మైల ఉండదా అని. రాముడికి ఉంటాది. వాడు కొడుకు. జగ్గమ్మకి ఉంటాది. అప్పకి ఉండదు. అప్ప పేడాడ వారింట పుట్టిందిగాని, పెళ్లితో బగాది వారి మనిషైపోయింది. మొగుడు పోయినా ఇంటిపేరు పోలేదు. నేను పోతే ఆమెకి మైల మూడు రోజులే.

ఇది నేను కల్పించినది కాదు. మా నాన్న పోయినప్పుడు అందరం మైలలో ఉంటే, మూడు రోజులు కాగానే ఆమెకి తలస్నానం చేయించి వంటింట్లోకి పంపించినారు. నువ్వు వేరే ఇంటి మనిషివి, నీకు మైలేటి, వండి పెట్టు అన్నారు పెద్దలు. పుట్టిన ఇంట్లో, తండ్రి పోయిన వారంలో, వేరే ఇంటి మనిషివి అన్నారు. అప్ప పొయ్యి ఊదుతూ ఏడ్చింది. పొగకి అనుకున్నారు. నేను పక్కనే ఉన్నాను, పొగకి కాదు.

ఆ మాట ఇన్నేళ్లూ నా మనసులో ఉండిపోయింది. ఇప్పుడు అదే మాట అందరి ఎదుటా నేను పైకి తీస్తన్నాను. ఔను, ఆమె వేరే ఇంటి మనిషే. ఇది ఆ వేరే ఇల్లు. దీని యజమాని బతికి ఉన్నాది. యజమాని బతికున్న ఇంటి పని ఆపాలని ఏ శాస్త్రంలోనూ లేదు. ఉంటే పంతులు గారి చేత చదివించండి.

8. కావున నేను బుధవారం లోపల పోతే, మూడు రోజులు ఆగి, నాలుగో రోజు అప్ప తలస్నానం చేశాక ఆమె చేత్తో మొదటి గమేళా పోయించి శ్లాబు మొదలుపెట్టవలసినది. రాముడు కర్మ చేసుకుంటాడు, శ్లాబు వైపు రానక్కర్లేదు. నిలబడి జరిపించవలసినది నిర్వాహకులు నారాయణమూర్తి గారు. ఈ మాట రాయిస్తుంటే ఆయన ఎదుట కూర్చుని వింటన్నారు, తల ఊపినారు. తల ఊపినట్టు రాయమని జగన్నాధానికి చెప్పినాను.

శ్లాబు పడతండగా నేను పోతే పని ఆపకూడదు. నన్ను పాకలోనే ఉండనివ్వండి, తొందరేమీ లేదు. జగ్గమ్మా, రాముడూ, ఏడుపు వస్తాది. లోపలే ఏడవండి. వీధిలోకి ఏడిస్తే నిచ్చెన మీద ఆడవాళ్ల చేతులాగుతాయి, వరస తెగుతాది, తెగిన చోట బతుకంతా కారతాది. లక్ష్మణమ్మకి చెప్పొచ్చు. ఆమె ఆపదు.

మొదటి గమేళా పోసి అప్ప పైనే ఉంటాది. ఆమెకి కబురు చెప్పకండి. చెవిన పడేదాకా మైల పట్టదు. ఆఖరి గమేళా పడ్డాక నారాయణమూర్తి గారు చెప్తారు. చెప్పకపోయినా ఆమెకి తెలిసిపోతాది, చిన్నప్పటినుంచీ నా ఊపిరి ఆమెకి తెలుసు. తెలిసినా, ఎవరూ చెప్పలేదు కదా అని అక్కడే నిలబడతాది. నిలబడనివ్వండి.

నేను ఉండగానే శ్లాబు పడిపోతే సంతోషం. అప్పుడు ఎనిమిదో షరతు కొట్టేసి మిగతావి ఉంచండి.

9. ఇది ఆఖరుది. దీన్ని షరతుగా రాయడానికి వీల్లేదని జగన్నాధం అన్నాడు. అయినా అంకె వేయించినాను.

కొత్త ఇంట్లో మొదటి వానకి అప్ప నిద్రలో లేచి మంచం పట్టీ పట్టుకుంటాది. అలవాటు, వెంటనే పోదు. అప్పుడు ఎవరో ఒకరు ఆమె చెయ్యి తీసి, కారడం లేదప్పా, పడుకో అని చెప్పాలి. నేనుంటే నేనే చెప్తాను.

ఈ తొమ్మిది షరతులూ చదివించుకుని విని, నేను చెప్పినట్టే ఉన్నాయని సమ్మతించి, సాక్షుల ఎదుట చేసిన సంతకం.

కీలక నామ సంవత్సరం వైశాఖ బహుళ పక్షం, బుధవారం, 1968వ సంవత్సరం మే నెల 15వ తేది. కోటబొమ్మాళి.

పేడాడ అప్పలసూరి (సంతకం)

సాక్షులు:
1. నారాయణమూర్తి, వడ్ల వ్యాపారం, కోటబొమ్మాళి (సంతకం)
2. ఎర్రన్న, సెంట్రింగు పని (వేలిముద్ర)

చెప్పినది చెప్పినట్టు, వద్దన్నవి కూడా వదలకుండా వ్రాసినవాడు: జగన్నాధం, దస్తావేజు లేఖరి